ముసుకు లేని ముఖము: యెర్రగుంట్ల పేరయ్యగారి జీవితము

ధ్యానించుటకు: నిర్గమకాండము 34:29–35, 2 కొరింథీయులకు 3:7–18, 4:3–7



మన ఆరాధనలలో మహిమ అను మాట పలుకని ఆదివారము లేదు. కీర్తన చివర ఆ మాటయే, ప్రార్థన చివర ఆ మాటయే. ఎక్కువ అలవాటైన మాట నాలుకకు తేలికయగును, హృదయమునకు దూరమగును. మహిమ అనగా ఏమి, అది మనుష్యుని ఏమి చేయును అని ఎవరైన అడిగినయెడల మనలో అనేకులము ఆకాశమువైపు చూచి ఊరకుందుము. అది పరలోకమునకు చేరిన తరువాత చూడవలసినదని తలంతుము.

అపొస్తలుడైన పౌలు అట్లు తలంచలేదు. మోషే రాతి పలకలు చేతబట్టుకొని సీనాయి కొండ దిగి వచ్చినప్పుడు అతని ముఖచర్మము ప్రకాశించెను. ప్రజలు చూచి భయపడిరి, మోషే ముఖముమీద ముసుకు వేసికొనెను. ఆ ప్రకాశము తగ్గిపోవునది. అయితే క్రీస్తునందు ముసుకు తీసివేయబడినదనియు, ముసుకు లేని ముఖముతో ప్రభువు మహిమను చూచువారు మెల్లమెల్లగా ఆయన పోలికకే మార్చబడుదురనియు, ఈ పని చేయువాడు ప్రభువైన ఆత్మయే అనియు పౌలు కొరింథు సంఘమునకు బోధించెను.

ఈ భాగములో రెండు గురుతులు కనబడుచున్నవి. మొదటిది, తన ముఖము ప్రకాశించుచున్నదని మోషేకు తెలియదు, చూచినవారికే తెలిసెను. రెండవది, మహిమ చూచినవాడు కొండమీద నిలిచిపోలేదు. దిగి ప్రజలయొద్దకు వచ్చెను. ఎవరైన తాము మహిమ చూచితిమని చెప్పినయెడల ఈ రెండు గురుతులతో పరీక్షించి తెలిసికొనవచ్చును.

ఈ గురుతులు ఏదో దూరదేశపు భక్తుని జీవితములోనే గాక మన నేలమీదనే, మన ఎండలో నడిచిన ఒక మనుష్యుని జీవితములో స్పష్టముగా కనబడినవి. ఆయన యెర్రగుంట్ల పేరయ్యగారు. ఒంగోలు సంఘముల చరిత్రలో మొదటి పుటలోనే ఉన్న పేరు అది. పెద్దలు ఆ పేరు విన్నారు. పిల్లలు కూడ వినవలెనని ఈ మాసము వారి జీవితమును మీ ముందుంచుచున్నాను.

పల్లె, తోలుపని

పేరయ్యగారి ఊరు తాళ్ల కొండపాడు. ఒంగోలునకు సుమారు 40 మైళ్ల దూరముననున్నది. ఆ కాలమున ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండెను. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరెను. 1970లో ఒంగోలు కేంద్రముగా వేరొక జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లా అను పేరు పొందెను. కాబట్టి గుంటూరు వారును ప్రకాశం వారును పేరయ్యగారిని మా పెద్ద అని చెప్పుకొనవచ్చును.

వారు మాదిగ కుటుంబములో పుట్టినవారు. ఆ దినములలో ఆ పల్లెల బ్రతుకు ఎట్టిదో మన తాతముత్తాతలు ఎరుగుదురు. చచ్చిన పశువును ఈడ్చుకొనిపోవుట, తోలు ఒలుచుట, ఊనుట, రైతులకు చెప్పులు కుట్టుట, కపిల తోలుటకు తోలు బొక్కెనలు కట్టుట, ఊరి జాతరలో డప్పు కొట్టుట వారి పని. కూలి రూకలలో కాదు, కల్లమునొద్ద కొలిచి ఇచ్చు గింజలలో. పంట పోయిన ఏడు ఆ గింజలును లేవు. అప్పుడు చచ్చిన పశువు మాంసమే ఆహారము. ఊరి బావికి పోరాదు, ఊరి గుడికి పోరాదు. కరణము, మునసబు కబురు పంపినప్పుడు ఉన్న పని విడిచి వెట్టికి పోవలెను.

పేరయ్యగారు వీరిలో కొంచెము నిలద్రొక్కుకొనినవారు. తోళ్ల వ్యాపారము చేయుచు దూరప్రాంతములకు పోయి వచ్చుచుండిరి. నాలుగు ఊళ్లు తిరిగినవారగుటచేత పల్లెలలో వారి మాటకు విలువ యుండెను.

వెలుగును వెదకిన కాలము

మనము సాధారణముగా పల్లెవారిని గూర్చి చెప్పునప్పుడు, మిషనరీలు వచ్చువరకు వారికి దేవుని చింతయే లేదన్నట్లు చెప్పుదుము. అది నిజము కాదు. ఆ పల్లెలలో దేవునికొరకు ఆకలి యుండెను. గుడి వాకిలి మూయబడినవారికి గుడి వెలుపల దేవుని వెదకుట తప్ప వేరు దారి లేదు. పోతులూరి వీరబ్రహ్మముగారి పేరు, వారి తత్త్వములు ఈ జిల్లాలన్నిటను వ్యాపించియుండెను. వారి శిష్యులలో కక్కయ్య అను మాదిగవాడు ఉండెనని జనులు చెప్పుకొందురు. కులము చూడక ఉపదేశమిచ్చు గురువులు ఊరూర తిరుగుచుండిరి.

పేరయ్యగారు అట్టి గురువులయొద్ద రాజయోగము నేర్చుకొనిరి. రాతిబొమ్మలకు మ్రొక్కుట వలన ప్రయోజనము లేదని అప్పుడే గ్రహించిరి. దేవుడు ఒక్కడే అనియు, ఆయన ఆత్మయై యున్నాడనియు, మనుష్యుడు తనలోనే ఆయన వెలుగును చూడవచ్చుననియు ఆ బోధ. అందుకొరకు ఆసనము వేసి, ఊపిరి బిగబట్టి, కన్నులు మూసికొని, చూపు లోపలికి త్రిప్పవలెను. పేరయ్యగారు దీనిని ఆటగా తీసికొనలేదు. పట్టుదలతో సాధన చేసిరి, తమ చుట్టునున్నవారికి నేర్పిరి. వారినే గురువుగా ఎంచుకొనినవారు కొందరుండిరి.

ఆ వెదకుటను నేను తేలిక చేయజాలను. పగలంతయు తోళ్లతో పనిచేసి రాత్రి కూర్చుండి దేవుని వెలుగుకొరకు కనిపెట్టిన మనుష్యుని చూచి, ఆదివారపు ఆరాధనలో కునుకు తీయు మనము సిగ్గుపడవలెను. అయినను ఒక మాట చెప్పవలెను. ఆ దారిలో మనుష్యుడే ఎక్కవలెను. ఊపిరి తనదే, ప్రయాస తనదే, దొరికినది దాచుకొనవలసినవాడును తానే. గురువు ఒక్కొక్కరికి రహస్యముగా ఉపదేశించును. ఇరుగుపొరుగు ఉన్నచోటనే ఉందురు. వెలుగును వెదకు కన్నులు మూసికొనియే యుండవలెను.

ఏలూరు దారి

తోళ్ల వ్యాపారము పేరయ్యగారిని కృష్ణ దాటించి ఉత్తరమునకు తీసికొనిపోయెను. ఏలూరులో 1854 మొదలుకొని సి.యం.యస్. మిషను పని జరుగుచుండెను. అచ్చట అలెగ్జాండరు దొరగారు చాల కాలము సేవ చేసిరి. ఆ ప్రాంతమున పేరయ్యగారు యేసుక్రీస్తును గూర్చి వినిరి.

వారు ఏమి వినిరో ఆలోచించుడి. దేవుని వెలుగును చూడవలెనని కన్నులు మూసికొని కూర్చుండిన మనుష్యునికి, ఆ వెలుగు వెలుపలనుండియే వచ్చినదని, ఒక మనుష్యుని ముఖములో కనబడినదని, ఆ ముఖము బెత్లెహేము తొట్టిలో ఏడ్చినదని, నజరేతులో వడ్లవాని దుకాణములో చెమటోడ్చినదని, కల్వరికి పోవుటకు ముందు ఉమ్మి వేయబడి కొట్టబడినదని వినబడెను. దేవుని మహిమ యేసుక్రీస్తు ముఖమునందు వెల్లడియైనదని పౌలు వ్రాసినది ఇదియే. మనుష్యుడు ఎక్కలేని దారిని దేవుడే దిగివచ్చెను. దిగివచ్చి ఊరిలో ఆగలేదు; ఊరి గవిని వెలుపల, శవములు పడవేయు దిక్కున, సిలువమీద ప్రాణము పెట్టెను. ఊరి వెలుపల బ్రతికినవారికి ఆ దేవుని గుర్తుపట్టుట కష్టము కాలేదు.

పేరయ్యగారు సంవత్సరముల తరబడి వెదకినది ఇదేయని తెలిసికొనిరి. ఆ దినమున వారు వ్యాపారము విడువలేదు, యాత్రకు పోలేదు. ఇంటికి తిరిగి వచ్చి, తమ భార్య నాగమ్మగారికి మొదట చెప్పిరి. ఒంగోలు ప్రాంతమునకు బోధకుడు ఎప్పుడు వచ్చునాయని కనిపెట్టుచుండిరి.

కొండమీద ప్రార్థన

ఇటువైపు పేరయ్యగారు కనిపెట్టుచుండగా అటువైపు మరికొందరు ప్రార్థించుచుండిరి. నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషను 1840 నుండి పనిచేయుచున్నను ఫలము చాల తక్కువ. మిషనును మూసివేయుదుమాయని అమెరికాలో పెద్దలు పలుమారు ఆలోచించిరి. దానికి ఒంటరి నక్షత్రము అను పేరు కలిగెను. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారకముందు జ్యూయెట్ దొరగారు, వారి భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తము అయిదుగురు ఒంగోలు కొండ ఎక్కి, ఈ ప్రాంతమునకు ఒక సేవకుని పంపుమని ప్రభువును వేడుకొనిరి. ఆ కొండను నేటికిని ప్రార్థన కొండ అని పిలుచుచున్నాము.

ఆ ప్రార్థన నెరవేరుటకు పండ్రెండు సంవత్సరములు పట్టెను. 1862లో అమెరికాకు వెళ్లిన జ్యూయెట్ దొరగారు, మిషను మూసినను తాము తెలుగువారియొద్దకే తిరిగి వెళ్లి అచ్చటనే ప్రాణము విడుతుమని పట్టుబట్టిరి. అప్పుడు వారికి తోడుగా ఒక యౌవనుని పంపిరి. ఆయనయే జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు. 1836లో పుట్టి, భూములు కొలుచు సర్వేయరుగా పనిచేసి, తరువాత ప్రభువును ఎరిగినవారు. 1864 నవంబరులో ఓడ ఎక్కి, 1865లో నెల్లూరు చేరి, 1866లో ఒంగోలులో కాపురము పెట్టిరి.

ఆ 1866వ సంవత్సరములోనే పేరయ్యగారు, నాగమ్మగారు బాప్తిస్మము పొందిరి. వారికి బాప్తిస్మమిచ్చినవారు జ్యూయెట్ దొరగారు. అయిదుగురు కొండమీద చేసిన ప్రార్థనకును ఒక్కడు పల్లెలో చేసిన వెదకుటకును ఒకరి సంగతి ఒకరికి తెలియదు. రెండింటిని ఎరిగిన దేవుడు రెండింటిని ఒక్కచోట చేర్చెను.

చింతతోపులో అయిదు దినములు

మహిమ చూచినవాడు దిగివచ్చునని పైన చెప్పితిని. పేరయ్యగారు బాప్తిస్మము పొంది తమ పల్లెకు తిరిగి వెళ్లిరి. ఎవరును వారికి జీతము నిర్ణయించలేదు, బోధకుడని బిరుదు ఇవ్వలేదు. తమ బంధువుల ఇండ్లకు, తోళ్లబేరము చేసిన పల్లెలకు, ఒకప్పుడు తమయొద్ద యోగము నేర్చుకొనినవారియొద్దకు వెళ్లి యేసును గూర్చి చెప్పిరి. మునుపు చెవిలో చెప్పిన ఉపదేశము ఇప్పుడు వీధిలో పగటివేళ చెప్పబడెను. ఇదివరకు ఒక్కొక్కడు ఒంటరిగా కన్నులు మూసికొని కూర్చుండిన చోట ఇప్పుడు ఆడువారు, పిల్లలు, ముసలివారు గుమిగూడి కన్నులు తెరచి వినిరి.

1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఎనిమిదిమంది సభ్యులతో స్థాపించబడెను. ఆ నెలలోనే క్లౌ దొరగారు పేరయ్యగారి పిలుపునుబట్టి తాళ్ల కొండపాడు ప్రాంతమునకు వెళ్లిరి. చింతతోపులో గుడారము వేసిరి. చుట్టుపట్ల పల్లెలనుండి జనులు కొన్ని దినములకు సరిపోవు భత్యము మూటగట్టుకొని వచ్చిరి. అయిదు దినములు ఆ చెట్లక్రింద వాక్యము వినిరి, ప్రశ్నలడిగిరి, ప్రార్థించిరి. కడపట 28 మంది బాప్తిస్మము పొందిరి. ఎనిమిదిమంది సంఘమునకు ఒక్కసారి 28 మంది చేరిరి. దొరగారు తెలుగు దేశమునకు వచ్చి అప్పటికి రెండేండ్లయినను నిండలేదు. నేల దున్ని విత్తనము చల్లినవారు పేరయ్యగారు; దొరగారు కోతకు వచ్చిరి. ఇద్దరిని పంపినవాడు ప్రభువు.

మూడు కట్టుబాట్లు

చింతతోపులోని ఆనందము పల్లెకు చేరగానే శోధింపబడెను. క్రీస్తును అంగీకరించిన మాదిగలు మూడు సంగతులు విడిచిపెట్టవలెను: విగ్రహములకు మ్రొక్కుట, చచ్చిన పశువు మాంసము తినుట, ఆదివారము పనిచేయుట. మనకిప్పుడు ఇవి చిన్నవిగా తోచును. వారికి ఇవి ప్రాణముమీదికి తెచ్చిన సంగతులు.

విగ్రహములకు మ్రొక్కమనగా జాతరకు డప్పు కొట్టమని అర్థము. డప్పు మ్రోగనియెడల అమ్మవారికి కోపము వచ్చి ఊరికి జాడ్యము తగులునని ఊరివారు భయపడిరి. చచ్చిన పశువును తినమనగా కరవునాడు ఆకలితో పడుకొనవలెను. ఆదివారము పని చేయమనగా వెట్టికి ఎదురు చెప్పినట్లే. ఊరివారు ఊరకుండలేదు. అనేక పల్లెలలో విశ్వాసులను కొట్టిరి, అబద్ధపు నేరములు మోపిరి, నీళ్లకు పోనీయలేదు, కల్లమునొద్ద గింజలు కొలువలేదు.

వారు చెప్పులు కుట్టుట మానలేదు, తోలుపని మానలేదు. పని అదియే, చేతులు అవియే, ఆ చేతులతో చేయు మనుష్యుడు మారెను. తోలుపని వారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. పచ్చితోలు రెండు దినములలో కుళ్లి కంపుకొట్టును. అదే తోలును సున్నపు తొట్టిలో వేసి, రోమము తీసి, తంగేడు చెక్క రసములో నానబెట్టి, తగిన కాలము ఓర్చుకొనినయెడల అది కుళ్లదు; దానితో బొక్కెన కట్టినచో పొలమునకు నీళ్లు మోయును. తోలు తనంతట తాను మారలేదు. రసములో నిలిచియుండెను, రసము దానిలోనికి దిగెను. మనుష్యుని మార్పును అట్టిదే. ప్రభువు సన్నిధిలో నిలిచియుండుట మన వంతు, మార్చుట ఆత్మ వంతు.

బలహీనులను ఏర్పరచుకొనిన దేవుడు

ఇదే సమయమున ఒంగోలులో మరియొక పరీక్ష వచ్చెను. పట్టణములోని పై కులములవారు క్లౌ దొరగారియొద్దకు వచ్చుచు, తమ పిల్లలను పాఠశాలకు పంపుచు, మిషనును ఆదరించుచుండిరి. మాదిగలను సంఘములో చేర్చుకొనినయెడల తాము రాలేమని తెలియజేసిరి. దొరగారు కలవరపడిరి. పెద్ద కులములవారు మొదట వచ్చినయెడల పని త్వరగా సాగునని తలంచుట ఎవరికైనను సహజము. ప్రార్థించి, చేతికి అందిన ఒక పుస్తకము తెరువగా 1 కొరింథీయులకు మొదటి అధ్యాయము 26 నుండి 29 వరకు గల మాటలు కన్నులబడెను. వేరొక గదిలో వారి భార్య హారియెట్ దొరసానిగారు కూడ తమంతట తామే అదే భాగము చదివి, అదే సంగతి చెప్పుటకు వచ్చిరి. దేవుడు లోకములో ఎన్నిక లేనివారిని ఏర్పరచుకొనెనను భాగము అది. వారు మరి సందేహింపలేదు. పై కులముల పిల్లలు పాఠశాల విడిచిపోయిరి. మాదిగలకు సంఘద్వారము తెరువబడెను.

ఆ భాగము ఎట్లు ముగియునో గమనింపుడి. దేవుని సన్నిధిని ఏ శరీరియు అతిశయపడకుండునట్లు ఆయన ఈ ఏర్పాటు చేసెనని పౌలు చెప్పుచున్నాడు. మనుష్యుని డంబము తొలగినచోటనే దేవుని మహిమ కనబడును. మంటి ఘటములలో ఐశ్వర్యము అని పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో చెప్పినది ఈ సంగతియే.

కరవు, కాలువ, గుండ్లకమ్మ

పేరయ్యగారి పల్లెలో మొదలైన పని బంధుత్వపు దారివెంట పల్లెనుండి పల్లెకు సాగెను. అన్న తమ్మునికి చెప్పెను, అత్తవారింటికి వెళ్లిన ఆడబిడ్డ అచ్చట చెప్పెను. అంతలో 1876 నుండి 1878 వరకు దక్షిణదేశమును పాడుచేసిన గొప్ప కరవు వచ్చెను. జనులు ఆకులు, గడ్డలు తిని, దారుల ప్రక్కన పడి చనిపోయిరి. ప్రభుత్వమువారు కరవు పనిగా బకింగుహాము కాలువ త్రవ్వించుచుండగా క్లౌ దొరగారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును కాంట్రాక్టుగా తీసికొని, వేలమందికి కూలి చూపిరి. తెలుగు బోధకులు మేస్త్రీలుగా నిలిచి, పని విరామములో కూలివారియొద్ద కూర్చుండి ఓదార్చిరి. తిండికొరకు మతములో చేరిరను మాట రాకుండునట్లు పదునైదు నెలలు ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు.

కరవు తీరి, ఇచ్చుటకు రూకలు గాని గింజలు గాని లేవని స్పష్టముగా చెప్పిన తరువాత కూడ జనులు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు పాదిరులు, ఒక్కొక్క మారు ఇద్దరు చొప్పున నీళ్లలో దిగిరి. ఆ సంవత్సరము ముగియునాటికి అట్లు చేరినవారు తొమ్మిదివేలకు పైబడిరి.

లోకములోని సంఘములన్నియు ఆ 2,222 అను సంఖ్యను చెప్పుకొనెను. మనమును చెప్పుకొనుచున్నాము. అయితే ఆ సంఖ్యకు పండ్రెండు సంవత్సరముల ముందు, 40 మైళ్ల దూరమునుండి ఇద్దరు ఆలుమగలు వచ్చి బాప్తిస్మము పొందిన దినము ఒకటి యున్నది. నది పెద్దదే, దాని ఊట చిన్నది.

క్లౌ దొరగారి రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ దొరసానిగారు ఆ మొదటి తరపు పెద్దల జీవితములను వారి నోటనే విని, 1899లో ఒక గ్రంథముగా ప్రచురించిరి. అందుచేతనే పేరయ్యగారి యోగసాధనను గూర్చి, వారి వెదకుటను గూర్చి మనకు తెలియుచున్నది. పేరయ్యగారు తమను గూర్చి ఏమియు వ్రాసికొనలేదు. తన ముఖము ప్రకాశించెనని మోషే ఎరుగనట్లే, తమ వెనుక ఎంత గుంపు వచ్చునో వారెరుగరు.

మన ముఖములమీది ముసుకులు

ప్రియులారా, పేరయ్యగారి కథ విని సంతోషించి ఊరకుండుట సులభము. కాని పౌలు చెప్పిన ముసుకు మోషే ముఖముమీద మాత్రమే గాక వినువారి హృదయములమీద కూడ ఉండెను. మన హృదయములమీద ఏ ముసుకులున్నవి?

తాతల పేరు ఒక ముసుకు. మాది నాలుగవ తరము, అయిదవ తరము అని చెప్పుకొందుము. బాప్తిస్మపు పుస్తకములో పేరున్నది, సమాధుల తోటలో స్థలమున్నది. పేరయ్యగారు ప్రభువును వెదకినట్లు మనలో ఎవడైన ఒక్క రాత్రి వెదకెనా? తాత చూచిన వెలుగు మనుమని కన్నులకు చాలదు.

కులము మరియొక ముసుకు. బలహీనులమని ఏర్పరచబడిన మనము, ఆ పల్లె వారు, ఈ పల్లె వారు అని ఒకరినొకరు తక్కువగా చూచుచున్నాము. ప్రభువు బల్లయొద్ద కూడ వరుసలు చూచుకొనువారున్నారు. పెండ్లి సంబంధము మాట వచ్చినప్పుడు మన క్రైస్తవ్యము గడప బయట నిలిచిపోవుచున్నది. ఊరి బావి మూయబడిన బాధ ఎరిగినవారి పిల్లలు మరియొకరికి వాకిలి మూయుట చూచి ప్రభువు ఏమనును?

ఆశ వేరొక ముసుకు. ఆదివారము పనిచేయనందుకు మన పెద్దలు దెబ్బలు తినిరి. నేడు మనలను ఎవరును కొట్టరు. మనమే గుడి మానుచున్నాము. మిరపకోతల దినములలో కూలికి పోనిదే పొయ్యి రాజని ఇంటిని నేను నిందింపను. ప్రభువు ఆ తల్లి కష్టమెరుగును. కాని ఎకరములు గల విశ్వాసి, ముఠాను నడుపు విశ్వాసి, ఆరాధనవేళ ఆ తల్లిని చేనికి పిలుచుచున్నాడు. అతనికే నేను చెప్పుచున్నాను.

ముసుకు ఉన్నంతవరకు మార్పు రాదు. ఇది మన కల్లములలో చూచినదే. పచ్చి మిరపకాయ ఏ దినమున ఎర్రబడెనో ఎవరును చెప్పలేరు. ఎండవైపు తిరిగి కొమ్మకు అంటియుండగా మెల్లగా ఎర్రబడును. కోసి కల్లములో పోసిన తరువాత పట్ట తీసి ఎండకు ఆరబెట్టనియెడల, లోపల చెమ్మపట్టి, బూజు పట్టి, తాలు అగును. యార్డులో దానికి ధర లేదు. పట్ట తీయుట రైతు పని, ఎండించుట సూర్యుని పని. ప్రతి దినము కొంతసేపైనను వాక్యము తెరచి, దాపరికము లేకుండ ప్రభువు ముఖమును చూడుడి. ఒక్క దినములో మార్పు కనబడకపోవచ్చును. మీకు అసలే కనబడకపోవచ్చును. మీ ఇంటివారికి, మీ పొరుగువారికి కనబడును.

కొండ దిగవలెను

కడపటి మాట. రూపాంతరపు కొండమీద పేతురు పర్ణశాలలు కట్టుదుమనెను. ప్రభువు అతని మాట వినలేదు, దిగి వచ్చెను. కొండ క్రింద ఒక తండ్రి, చాంద్రరోగియైన కుమారుని పట్టుకొని ఏడ్చుచుండెను. మహిమ అచ్చటికే పోయెను.

మన ఊళ్లలో ఆ తండ్రి నేడును ఉన్నాడు. పత్తి పురుగు తినిపోయి, మిరప ధర పడిపోయి, కౌలు కట్టలేక, అప్పులవాడు వాకిట కూర్చుండగా, పురుగుల మందు డబ్బావైపు చూచుచున్న సహోదరుడు మన వీధిలోనే ఉండవచ్చును. ఉజ్జీవ కూటములలో మనము చేతులెత్తి మహిమ మహిమ అని పాడి, ఆ రాత్రి అతని ఇంటి ముందుగా నడచి వెళ్లి పలుకరింపనియెడల, మనము కొండ ఎక్కితిమే గాని మహిమ చూడలేదు. పేరయ్యగారు ఏలూరులో వినిన దానిని తమ పల్లెకు మోసికొని వచ్చిరి. కరవునాడు బోధకులు కాలువగట్టున కూలివాని ప్రక్కన కూర్చుండిరి. ఆ వరుసలో మనమును కూర్చుండవలెను. ఈ వారములో అట్టి ఇల్లు ఒకటి చూచుకొనుడి. సంఘపెద్దలు ఇద్దరు కలిసి వెళ్లుడి. అతని లెక్క వినుడి, అతనితో ప్రార్థించుడి, అతనిని ఒంటరిగా విడువకుడి.

ప్రార్థన: ప్రభువైన యేసూ, మా హృదయములమీది ముసుకు తీసివేయుము. పల్లెలో నిన్ను వెదకిన మా పెద్దకు నీ ముఖము చూపినట్లు మాకును చూపుము. మేము మారినట్లు మాకు తెలియకున్నను మా పొరుగువాడు తెలిసికొని నిన్ను స్తుతించునట్లు చేయుము. ఆమేన్.